ఈశాన్య వానలకు ముందు జీపు టాపు విషయంలో జాగ్రత్తలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బట్ట టాపు ఉన్న బండికి అసలు పరీక్ష అక్టోబరు మూడో వారం తర్వాత మొదలవుతుంది. నైరుతి కాలంలో సాయంత్రం పూట ఉరిమి కురిసే వాన గంటలో తెరిపి ఇస్తుంది, మరునాటి ఎండకు టాపు ఆరిపోతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో ఏర్పడిందంటే రెండు మూడు రోజులు ముసురు వదలదు. 2021 నవంబరు మూడో వారంలో తిరుపతి లోతట్టు కాలనీలు నీట మునిగి, తిరుమల ఘాట్ రోడ్లలో రాకపోకలు ఆగిపోయిన వాన అటువంటిదే. అన్ని గంటల పాటు తడిసే టాపు కారడానికి చిరుగే ఉండనక్కరలేదు, అరిగిన కుట్టు చాలు. అందువల్ల మహీంద్రా థార్ సాఫ్ట్ టాప్, పాత మహీంద్రా జీపులు, మన రోడ్ల మీద అరుదుగా కనిపించే కన్వర్టిబుల్ కార్లు ఉన్నవారు సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మొదటి పక్షంలోగా, వరుసగా రెండు రోజులు పొడిగా ఉండే అదను చూసుకుని, టాపును కడిగి, కారే కుట్లు సరిచేసి, వాటర్‌ప్రూఫ్ పూత వేసే పని ముగించుకోవాలి. మబ్బు పట్టాక వాటర్‌ప్రూఫ్ స్ప్రే డబ్బా కోసం పరుగెత్తినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తడి బట్ట మీద ఆ మందు సరిగా పట్టదు.

ముందుగా టాపు ఏ రకం బట్టో తెలుసుకోవాలి. ఖరీదైన కన్వర్టిబుల్ కార్లకు సాధారణంగా మూడు పొరల బట్ట వాడతారు. పైన నేసిన అక్రిలిక్ వంటి బట్ట, నడుమ పలుచని రబ్బరు, లోపల అస్తరు ఉంటాయి. జీపుల టాపుల్లో చాలావరకు మనం రెక్సిన్ అనే వినైల్ పూత బట్టవి, పాత బండ్లకు కొన్నిటికి మందపాటి నూలు కాన్వాస్. ఒక మూల నాలుగు నీటి చుక్కలు వేసి కొన్ని నిమిషాలు ఆగితే తేడా తెలుస్తుంది. రెక్సిన్ మీద చుక్క ఇంకదు. నేత బట్ట మీద చుక్క పరుచుకుని ముదురు మచ్చగా మారితే దాని పాత వాటర్‌ప్రూఫ్ పూత అరిగిపోయిందని అర్థం. బట్టల కోసం తయారైన వాటర్‌ప్రూఫ్ స్ప్రే రెక్సిన్‌కు ఏ మేలూ చేయదు. దానికి కావలసింది ఎండకు బీటలు వారకుండా కాపాడే వినైల్ ప్రొటెక్టెంట్, ఆపై గట్టి కుట్లు. దుకాణదారు ఏది చేతికిస్తే అది కొనడం వల్ల ఈ పనిలో డబ్బు వృథా అవుతుంది.

కడగడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఒకరు టార్చి పట్టుకుని బండిలో కూర్చోవాలి, మరొకరు బయట నిలబడి చెంబుతో కుట్ల వెంబడి నెమ్మదిగా నీళ్ళు పోయాలి. ముందు అద్దం పైన టాపు కరుచుకునే చోట, తలుపుల రబ్బరు బీడింగు మీద, వెనక కిటికీ చుట్టూ విడివిడిగా పోసి చూడాలి. టార్చి వెలుగులో గమనిస్తే సూది చేసిన రంధ్రం దగ్గర ఒక చుక్క ఊరి, అక్కడే రాలకుండా దారం వెంట జారి, ఇనుప కమ్మీని పట్టుకుని జానెడు దూరంలో సీటు మీద పడుతుంది. తడి కనిపించిన చోటునే కారే చోటు అనుకుని మందు పూస్తే కారడం ఆగకపోవడానికి కారణం ఇదే. నీరు దిగిన చోట బయటివైపు సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. మూడు పొరల బట్టలో పై పొర తడిసి ముద్దయినా నడుమ ఉన్న రబ్బరు నీటిని ఆపుతుంది కనుక, లోపలికి కారిందంటే ముందుగా కుట్లనూ అంచులనూ అనుమానించాలి.

ఇక కడగడం. నా అభిప్రాయంలో టాపు బాగుపడేదీ పాడయ్యేదీ చాలావరకు ఈ దశలోనే, స్ప్రే దగ్గర కాదు. మురికి మీద వేసిన పూత మురికినే పట్టుకుంటుంది కానీ నూలు పోగును పట్టుకోదు. మొదట పొడి టాపును మెత్తని బ్రష్షుతో దులపాలి, వీలైతే వాక్యూమ్ పెట్టాలి. చిత్తూరు వైపు గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే బండ్ల మీద పేరుకునే రాతి పొడిని తడిపి రుద్దితే అది ఉప్పుకాగితంలా పోగులను కోస్తుంది. ఆ తర్వాత ధారాళంగా నీళ్ళు పోసి, కారు షాంపూనో టాపుల కోసమే దొరికే క్లీనర్‌నో నురగ చేసి, చేతికి మెత్తగా తగిలే బ్రష్షుతో నేత దిశలో రుద్దాలి. బట్టలుతికే పొడి, అంట్ల సబ్బు, బ్లీచింగ్ పౌడర్ వాడకూడదు. మొదటి రెండూ మిగిలిన పాత పూతను తీసేస్తాయి. బ్లీచింగ్ కుట్టు దారాన్నీ రబ్బరునూ బలహీనపరుస్తుంది. వాటర్ సర్వీసింగ్ కేంద్రంలో బండి ఇచ్చినప్పుడు ప్రెషర్ గన్ టాపు మీదికి తిప్పవద్దని ముందే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దగ్గర నుంచి కొట్టిన ధార కుట్టు రంధ్రాలను పెద్దవి చేస్తుంది, బీడింగును లేపేస్తుంది.

మన ప్రాంతపు మరకలు కొన్ని వేరుగా చెప్పుకోవాలి. మామిడి పూతకాలంలో చెట్టు కింద నిలిపిన బండి మీద తేనెమంచు పురుగులు విడిచిన జిగురు పడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే దాని మీద మసిలాంటి నల్లని బూజు పెరిగి వానల నాటికి మొండి మచ్చగా మారుతుంది. గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డను కాసేపు పరిచి ఉంచితే జిగురు మెత్తబడుతుంది, గోటితోనో చాకుతోనో గీకితే పోగులు లేస్తాయి. పక్షి రెట్టలకూ ఇదే పద్ధతి. రెండోది పసుపు. కాణిపాకంలోనో అలిపిరిలోనో వాహన పూజ చేయించినప్పుడు, ఇంటి దగ్గర ఆయుధ పూజనాడు, పసుపు కుంకుమలు బానెట్ మీద పెట్టించుకుంటే చాలు, టాపు మీద చల్లనివ్వవద్దు. పసుపు మరకకు బట్టల సబ్బు, సోడా తగిలితే క్షారం వల్ల ఎర్రబారి మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తేలికపాటి షాంపూతో కడిగి ఎండలో ఉంచితే కొద్దిరోజుల్లో పసుపు రంగు చాలావరకు వెలిసిపోతుంది. కృత్రిమ రంగు కలిసిన బజారు కుంకుమకు ఆ సదుపాయం లేదు, తడిసిందంటే ఆ మచ్చ మిగిలిపోయినట్టే. లోపలివైపు బూజు పట్టి ఉంటే ఒక పాలు వెనిగర్‌కు మూడు నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపి తుడిచి, తర్వాత మంచినీటితో కడిగి, తలుపులు తెరిచి ఆరబెట్టాలి.

నురగ పూర్తిగా పోయేదాకా కడగడం ఎంత ముఖ్యమో చాలామందికి తెలియదు. పోగుల్లో మిగిలిన సబ్బు నీటిని పిలుచుకుంటుంది, కాబట్టి దానిమీద ఎంత మంచి పూత వేసినా వాన చుక్క నిలవకుండా ఇంకిపోతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే వీధుల్లో చివరి రెండు బకెట్లయినా మంచినీళ్ళు పోయడం మేలు, లేకపోతే ఆరిన తర్వాత తెల్లని చారలు తేలుతాయి. కడిగిన టాపును మడవకుండా, బిగించిన స్థితిలోనే ఒక రోజంతా ఆరనివ్వాలి. పైకి పొడిగా అనిపించినా కుట్టు మడతల్లో తడి నిలుస్తుంది. అక్కడ టిష్యూ కాగితం నొక్కి చూస్తే తెలిసిపోతుంది.

వాటర్‌ప్రూఫింగ్‌లో వరుస తప్పకూడదు. సుద్ద గుర్తు పెట్టిన కుట్లకు, సూది రంధ్రాలను మూసే సీమ్ సీలర్‌ను సన్నని కుంచెతో ముందుగా పూసి, అది ఆరాకే స్ప్రే చేయాలి, ఎందుకంటే నీటిని తోసే పూత సీలర్‌ను కూడా అంటనివ్వదు. దారం తెగిన చోట సీలర్ పనికిరాదు, సీట్లు కుట్టే దుకాణంలో పాలియెస్టర్ దారంతో తిరిగి కుట్టించాలి. రెక్సిన్ చిరిగిన చోట సిలికాన్ పూయవద్దు. అది ఊడిన తర్వాత అక్కడ మరే జిగురూ పట్టదు.

నేత బట్టకు ఫ్లోరోపాలిమర్ రకం స్ప్రే అనుకూలం. అది ఒక్కొక్క పోగునూ పట్టుకుని నీటిని చుక్కలుగా నిలుపుతుంది, గాలిని ఆపదు, కుట్టు రంధ్రాలను మాత్రం పూడ్చదు. ఉదయం ఏడు నుంచి పది గంటల లోపు, నీడలో, గాలి ఆడే చోట చేయాలి. మధ్యాహ్నం నల్లని టాపు కాలిపోతుంటుంది, మందు పోగుల్లోకి దిగకముందే ఆవిరైపోతుంది. అద్దాలకు, పెయింటుకు కాగితం, మాస్కింగ్ టేపు అంటించి, ఒకసారి పొడవునా, అది ఆరాక మరోసారి అడ్డంగా పలుచగా వేయాలి. ఒకేసారి చిక్కగా వేస్తే మచ్చలు పడతాయి. వీటిలో చాలా డబ్బాల్లో మండే ద్రావకం ఉంటుంది కనుక ముక్కుకు మాస్కు తప్పనిసరి, దగ్గరలో పొయ్యి, బీడీ, అగరువత్తి ఉండకూడదు. కిరోసిన్‌లో మైనం కరిగించి పూయమని ఎవరైనా సలహా ఇస్తే ఆ జోలికే పోవద్దు. పూత వేసిన తర్వాత కనీసం ఒక రోజు తడవకుండా చూడాలి.

వెనకనున్న ప్లాస్టిక్ కిటికీ మీద చాలా సులభంగా గీతలు పడతాయి. దానిని పొడి గుడ్డతో తుడవకూడదు, అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కొట్టకూడదు. నీళ్ళు పోసి, తడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిశలో తీయాలి.

ముసురు పట్టిన రోజుల్లో తడి టాపును మడిచి పెట్టకూడదు. తప్పనిసరైతే వాన తగ్గిన వెంటనే విప్పి ఆరబెట్టాలి. బండి నిలిపి ఉన్నప్పుడు టాపు మీద నీరు గుంటగా నిలిస్తే లోపలి నుంచి అరచేతితో మెల్లగా పైకి నెట్టి జార్చి, పట్టీలు బిగించాలి. దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే గాలికి కొట్టుకుని బట్టను రాపాడుతుంది, లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. గాలి ఆడే కారు కవరు నయం, అది కూడా టాపు పొడిగా ఉన్నప్పుడే. కన్వర్టిబుల్ కార్లలో టాపు అంచుల దగ్గర నీరు పోయే గొట్టాలుంటాయి, వాటిలో వేపాకు, చింతాకు చేరకుండా వారానికొకసారి చూడాలి. థార్‌లో లోపల చేరిన నీటిని వదలడానికి అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు ఎక్కడున్నాయో ఎండ రోజునే చూసుకుంటే, సీటు కింద నీరు చేరినప్పుడు తడుముకునే పని ఉండదు. భాకరాపేట ఘాటు వైపు వానలో వెళ్ళవలసి వస్తే బయలుదేరే ముందే జిప్పులన్నీ చివరిదాకా మూసి ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడాలి. వేగానికి లోపలి గాలి టాపును పైకి ఉబ్బించినప్పుడు సగం మూసిన జిప్పు తనంతట తానే విడిపోతుంది.

రెక్సిన్ పూత పొలుసులుగా రాలుతున్నా, మూడు పొరల బట్టలో రబ్బరు పెళుసెక్కి లోపలివైపు పొడి రాలుతున్నా కడగడం, పూయడం మానుకుని కొత్త టాపు కుట్టించుకోవాలి. ఆ పని ఇవ్వడానికి దసరా వరకు ఆగవద్దు; పండుగ రోజుల్లో సీట్ల దుకాణాలకు తీరిక ఉండదు, కొలతలు ఇచ్చినా బండి చేతికి వచ్చేసరికి వానలు మొదలైపోతాయి.