ఎండాకాలంలో మాత్రమే హ్యాంగ్ అయ్యే కంప్యూటర్

డిసెంబర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఏప్రిల్ దాకా బాగా నడిచి, మే రాగానే గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్ వేస్తే ముందు విండోస్‌నే అనుమానిస్తాం. హనుమకొండలో ఉండే మా బాబాయి కొడుకూ అంతే. రెండుసార్లు విండోస్ మళ్లీ ఎక్కించి, మూడోసారి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, చలికాలం మంచిగనే నడిచింది. ఎండలు ముదిరినకాడి నుంచే ఈ లొల్లి." సగం జవాబు ఆ మాటలోనే దొరికింది.

సమస్య: టాస్క్ మేనేజర్‌లో స్పీడు ఒక చోట నిలవదు

ఇది అసలు సమస్యే కాదు. వాడిది ఇంటెల్ కోర్ ఐ5-9600కె ప్రాసెసర్. బేస్ స్పీడు, అంటే మామూలు వేగం, 3.7 గిగాహెర్ట్జ్. టర్బో, అంటే పని పడినప్పుడు కాసేపు ఎక్కే వేగం, 4.6. ఆ 4.6 ఒక్క కోర్ (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగం) మీదే పని పడినప్పుడు అందుకునే పై హద్దు. ఆరు కోర్లూ కష్టపడుతుంటే 4.3 దగ్గర ఆగుతుంది, పని లేకపోతే 0.8 దాకా దిగుతుంది. కరెంటు, వేడి రెండూ హద్దులో ఉన్నంతసేపే టర్బో. బాక్స్ మీద రాసిన అంకె ఎప్పుడూ కనబడాలని పట్టుబడితే అనవసరంగా టెన్షన్ పడాల్సిందే.

సమస్య: స్పీడు కదలకుండా 5.0 చూపిస్తోంది, వేడెక్కితే బ్లూ స్క్రీన్

మా వాడి కంప్యూటర్‌లో కనబడింది ఇదే. 9600కె తనంతట తాను 5.0 ఎక్కదు. ముందు వాడినవాళ్లు బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోని సెట్టింగ్‌ల ప్రోగ్రాం) స్పీడు లెక్కకట్టే మల్టిప్లయర్‌ను 50కి పెట్టి, అలాగే అమ్మేశారు. బోర్డు ఇచ్చే 100 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను 50తో గుణిస్తే 5.0 గిగాహెర్ట్జ్. పేరు చివర 'కె' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకు ఇలా మార్చుకునే వీలుంటుంది.

మరి చలికాలంలో ఎందుకు నడిచింది? గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో 22 ఉన్న గది మేలో 38 అయిందంటే, అప్పుడు 82లో ఉన్న చిప్ ఇప్పుడు 98కి వస్తుంది. 100 దగ్గర అది తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. కానీ ఇలా అంచు దాకా ఓవర్‌క్లాక్ చేసిన, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కన్నా పెంచిన చిప్ అంతదాకా ఆగదు, ముందే లెక్క తప్పి పడిపోతుంది.

పరిష్కారం: బయోస్‌ను ఫ్యాక్టరీ సెట్టింగ్‌లకు తేవడం. తొందరపడి రీసెట్ కొట్టకండి. ముందు బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ముఖ్యంగా సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) ఉన్న పేజీ. అది మారిపోతే విండోస్ బూట్ కాకపోవచ్చు. డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి, రీసెట్ తర్వాత అడిగే అవకాశం ఉంది.

ఇక కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి, 'లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్' ఎంచుకుని, సాటా మోడ్ ఫొటోలో ఉన్నట్టే ఉందో లేదో చూసుకుని, ఎఫ్10తో సేవ్ చేయండి. స్క్రీనే రాకపోతే కరెంటు వైరు పూర్తిగా పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టి, బోర్డు మీద గుండ్రంగా ఉండే సీఆర్2032 బ్యాటరీని అయిదు నిమిషాలు బయట పెట్టండి. అప్పుడు తేదీ, టైమ్ కూడా మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది. విండోస్‌లో ఓవర్‌క్లాక్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే దాన్ని కూడా తీసేయండి. లేకపోతే బయోస్‌లో మీరు తగ్గించింది అది మళ్లీ పెంచుతుంది.

రీసెట్‌తో ర్యామ్ స్పీడు కూడా పడిపోతుంది. 3200 ర్యామ్ 2133 చూపిస్తే అది పాడైనట్టు కాదు, ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడులో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆఫ్ అయిందన్నమాట. రెండు రోజులు అలాగే వాడి చూసి, కుదురుగా ఉంటేనే ఆన్ చేయండి. ఎక్స్ఎంపీ కూడా ఒక రకం ఓవర్‌క్లాకేనని చాలామంది మరిచిపోతారు.

సమస్య: రీసెట్ చేసినా 100 డిగ్రీలే

ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ విప్పి చూడండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల షాపుల్లోనైతే పత్తి నూగు ఫ్యాన్ వెనక దుప్పటిలా పేరుకుంటుంది. ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పెట్టండి. క్యాబినెట్ మూత తీసి ఎదురుగా నీళ్ల కూలర్ పెట్టే అలవాటు మాత్రం వద్దు. ఆ తేమకు బోర్డు కాళ్లు తుప్పు పడతాయి.

సమస్య: బేస్ స్పీడు దాటి పైకే పోదు

విండోస్ పవర్ ప్లాన్‌లో 'మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' 99 శాతం ఉందేమో చూడండి. ఆ ఒక్క శాతం తగ్గితే టర్బో ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే సరిపోని చార్జర్ కూడా కారణం కావచ్చు.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు బ్లూ స్క్రీన్లు వస్తుంటే రీసెట్ ఒక్కటే చాలదు. వోల్టేజ్ అతిగా పెరిగే లోపానికి 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది. అవి బయోస్ అప్‌డేట్‌తోనే వస్తాయి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అవి బాగుచేయలేవు, వారంటీకి వెళ్లాల్సిందే.

మా వాడి కంప్యూటర్ ఇప్పుడు ఆరు కోర్ల మీద 4.3 చూపిస్తోంది, బ్లూ స్క్రీన్ ఊసే లేదు. 5.0 పోయిందని వాడికి దిగులే. సంక్రాంతికి మళ్లీ పెట్టుకుంటానంటున్నాడు.