గిజిగాడి గూళ్లను గమనించి నమోదు చేయడం ఎలా?

వరంగల్, ములుగు పల్లెల్లో నాట్లు పడే వేళకు వ్యవసాయ బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకూ, చెరువు గట్ల మీది ఈత, తాటి చెట్లకూ గిజిగాళ్లు గూళ్లు అల్లడం మొదలుపెడతాయి. పూర్తయిన గూటిని అందరూ మెచ్చుకుంటారు; కానీ ఆడపక్షి గూటిని ఎలా ఎంచుకుంటుందో తెలియాలంటే సగంలో ఆగిన గూళ్లనే ఎక్కువ శ్రద్ధగా చూడాలి.

మొదట, దూరం నుంచి స్పష్టంగా కనిపించే ఒక చెట్టును ఎంచుకుని, ఉదయం పూట బైనాక్యులర్‌తో కూర్చోండి. పక్షులు బెదిరి అరుస్తుంటే వెంటనే వెనక్కి జరగండి. గూటిని తాకడం గానీ, కొమ్మను వంచడం గానీ ఎన్నడూ చేయకూడదు.

తరువాత నోటుపుస్తకంలో చెట్టు బొమ్మ గీసి, ప్రతి గూటికీ ఒక సంఖ్య ఇచ్చి, అది ఎంత ఎత్తున ఉందో, ఏ దిక్కున ఉందో, కొమ్మ లావెంతో, కింద నీళ్లున్నాయో లేదో రాసుకోండి.

అసలు పని దశలను గుర్తించడంలో ఉంది. నెత్తిన పసుపు రంగు గల మగపక్షి వరి ఆకు అంచును ముక్కుతో కొరికి పట్టుకుని ఎగురుతుంది. ఆ ఊపుకు సన్నని పోగు చీలి వస్తుంది. అలాంటి పోగులతో ముందుగా కొమ్మకు ముడి వేసి, ఒక వలయం అల్లి, దాన్ని బోర్లించిన బుట్టలా పెంచి, లోపల తడి మట్టి కూడా మెత్తుతుంది. అక్కడ పని ఆపేసి, ఆడపక్షులు వచ్చినప్పుడు గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టి పిలుస్తుంది. ఆడపక్షి లోపలికి దూరి పరీక్షించి ఒప్పుకుంటేనే మగపక్షి గుడ్ల గదిని మూసి, కింది గొట్టాన్ని పొడిగిస్తుంది. ఎవరూ ఒప్పుకోని గూడు అలాగే మిగిలిపోతుంది. కాబట్టి ప్రతి సందర్శనలోనూ 'వలయం', 'సగం', 'పూర్తి', 'వదిలేసినది' అని తేదీతో సహా గుర్తించండి. ఒకే మగపక్షి ఒకదాని తరువాత ఒకటిగా గూళ్లు కట్టి, పలు ఆడపక్షులతో జతకడుతుందని పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931లోనే ప్రచురించారు.

చివరగా, ఒప్పుకున్న గూళ్లనూ వదిలేసిన వాటినీ పోల్చండి. 2006లో వెలువడిన ఒక భారతీయ పరిశోధన ప్రకారం ఆడపక్షి ఎంపికలో గూటి అల్లిక కంటే అది ఉన్న చోటే ముఖ్యం. మీ చెట్టు దీనికి ఏమంటుందో మీ పట్టికే చూపిస్తుంది. రెండు చెట్లను గమనిస్తే ఇంకా మేలు. 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం, ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో గుంపులుగా గూళ్లు కట్టే మరో జాతి పిచ్చుకల్లో ఒక్కో గుంపుకు ఒక్కో కట్టుబడి తీరు ఉంటుందని చూపింది. అయితే మన గిజిగాడి మగపక్షి ఒంటరిగా కడుతుంది గనుక, ఆ ఫలితాన్ని యథాతథంగా దీనికి ఆపాదించకూడదు.

కొలతలు తీసుకోవాలనుకుంటే పిల్లలు ఎగిరిపోయాక, రాలిపడిన గూళ్లనే తీసుకోండి. చెట్టుకు ఇంకా వేలాడుతున్న పాత గూళ్లను మునియా పిట్టలు వాడుకుంటాయి.