టెస్టు లింకు నొక్కే ముందు, ఇంటర్వ్యూలో నోరు విప్పే ముందు

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాక "అసెస్‌మెంట్ లింకు పంపుతున్నాం, ఐదు రోజుల్లో పూర్తి చేయండి" అని మెయిల్ వస్తుంది. చాలామంది ఆ ఐదు రోజుల్లో నాలుగున్నర రోజులు టెన్షన్ పడడానికే వాడేసి, చివరి రాత్రి లింకు తెరుస్తారు. నేనూ ఒకసారి అలాగే తెరిచాను. ఏడో ప్రశ్నలో ఉండగా, అప్‌డేట్ కోసం రీస్టార్ట్ చేయమంటారా అని ల్యాప్‌టాప్ అడిగింది. ఆ పెట్టెను మూయబోయి కంగారులో "ఇప్పుడే" నొక్కాను. మళ్లీ లాగిన్ అయ్యేసరికి టెస్టు గడియారం నా కోసం ఆగలేదు, సగం సమయం కరిగిపోయింది. ఆ ఉద్యోగం చేజారిపోయింది. సబ్జెక్టు రాక పోయి ఉంటే ఇంత ఉక్రోషం ఉండేది కాదు.

అందుకే ముందు మెయిల్ మొత్తం చదవండి. ఒక ప్రశ్న దాటాక వెనక్కి వెళ్లొచ్చా, తప్పు సమాధానానికి మార్కులు తీసేస్తారా, కాలిక్యులేటర్ వాడనిస్తారా, కెమెరా ఆన్‌లో ఉండాలా, ఇవన్నీ సాధారణంగా అందులోనే రాసి ఉంటాయి. లేకపోతే రిక్రూటర్‌ని అడగండి, అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు. గడువు ఏ దేశపు టైమ్ ప్రకారమో కూడా చూడండి. "శుక్రవారం రాత్రి 12" అని ఉంటే అది మీ శుక్రవారం కాకపోవచ్చు. చూపు సమస్యో, డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) లాంటిదో ఉండి అదనపు సమయం కావాలంటే టెస్టుకు ముందే అడగాలి. రాశాక చెబితే వాళ్లు చేయగలిగింది పెద్దగా ఉండదు.

ప్రాక్టీస్ టెస్టు ఇస్తే తప్పకుండా రాయండి. మీ కెమెరా, మైకు, బ్రౌజర్ సరిగా ఉన్నాయో లేదో తేలేది అక్కడే. నోటిఫికేషన్లు ఆపేయండి, రెండో మానిటర్ ఉంటే తీసేయండి. టెస్టు మధ్యలో వేరే ట్యాబ్‌కి వెళితే చాలా ప్లాట్‌ఫామ్‌లు నమోదు చేసుకుంటాయి. మీరు వెళ్లింది సమాధానం వెతకడానికా, పాటలు ఆపడానికా అన్నది వాటికి తెలియదు. ఏదైనా మొరాయిస్తే టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి అప్పటికప్పుడే రిక్రూటర్‌కి మెయిల్ పెట్టండి. నేను మర్నాడు పొద్దున పెట్టాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆప్టిట్యూడ్ ప్రశ్నల్లో రెండు చోట్ల తెలిసినవాళ్లు కూడా జారిపోతారు. మొదటిది శాతాలు. మార్కెట్ వాటా 20 శాతం నుంచి 25 శాతానికి పెరిగితే, పెరిగింది 5 పాయింట్లు, కానీ పెరుగుదల 25 శాతం. ఆప్షన్లలో రెండూ ఉంటాయి. రెండోది "నిజం, అబద్ధం, చెప్పలేం" అని అడిగే పేరాలు. "గత ఏడాది ఉద్యోగం మానేసినవాళ్లలో ఎక్కువమంది అమ్మకాల విభాగం వాళ్లే" అని పేరాలో ఉంటుంది. కింద "అమ్మకాల విభాగంలో పని ఒత్తిడి ఎక్కువ" అన్న వాక్యం ఇస్తారు. మన అనుభవం "నిజం" అని తొందరపెడుతుంది. సమాధానం "చెప్పలేం". ఆ విభాగంలో జనమే ఎక్కువేమో, జీతాలు తక్కువేమో. పేరాలో లేని మన లోకజ్ఞానం ఇక్కడ పనికిరాదు.

వ్యక్తిత్వ ప్రశ్నావళి వస్తే ధర్మరాజు వేషం వేయకండి. ఒకే విషయాన్ని మాట మార్చి మార్చి అడుగుతారు. "నేనెప్పుడూ విసుక్కోను" అని ఒకచోట, "ఒత్తిడిలో సహనం తగ్గుతుంది" అని ఇంకోచోట టిక్ పెడితే పొంతన లేదని బయటపడుతుంది. ఇంకొకరితోనో, ఏఐతోనో టెస్టు రాయించుకునేవాళ్లకు ఒకే మాట: కోడింగ్ టెస్టు అయితే, తర్వాతి రౌండ్‌లో మీరు పంపిన కోడ్‌నే తెరిచి "ఈ లైన్ ఎందుకు రాశారు?" అని అడిగితే ఏం చెబుతారో ముందే ఆలోచించుకోండి.

ఇక అసలు కష్టం బిహేవియరల్ ఇంటర్వ్యూ. "టీమ్‌లో గొడవ వస్తే ఏం చేస్తారు?" అని కాదు, "వచ్చినప్పుడు ఏం చేశారు?" అని అడుగుతారు. అందరికీ ఒకే తరహా ప్రశ్నలు వేసి, ముందే అనుకున్న కొలమానంతో మార్కులు వేసే ఈ పద్ధతి ఊరికే వచ్చిన ఫ్యాషన్ కాదు. ఎవరు పనిలో రాణిస్తారో అంచనా వేసే పద్ధతులన్నిటినీ పోల్చి 2022లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాకెట్, ఆయన సహచరులు ప్రచురించిన విశ్లేషణలో మొదటి స్థానం ఇలాంటి క్రమబద్ధమైన ఇంటర్వ్యూకే దక్కింది. కాబట్టి ఇవి ఇప్పట్లో పోవు. అమెజాన్ అయితే తన 16 నాయకత్వ సూత్రాలను వెబ్‌సైట్‌లోనే పెట్టింది, ప్రశ్నలు వాటి చుట్టూనే తిరుగుతాయి. మీరు వెళ్లే సంస్థ కూడా అలాంటివి రాసుకుని ఉంటే ముందే చదవండి.

సమాధానానికి స్టార్ పద్ధతి అని అందరూ చెబుతారు: సందర్భం (Situation), బాధ్యత (Task), చేసిన పని (Action), ఫలితం (Result). పద్ధతి మంచిదే. చిక్కేమిటంటే చాలామంది సందర్భం వర్ణించడంలోనే రెండు నిమిషాలు గడిపేసి, తాము చేసిన పని దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్కతో సరిపెడతారు. దాన్ని తిరగేయండి. సందర్భానికి రెండు మూడు వాక్యాలు చాలు.

మనకు ఇంకో అలవాటుంది. "నేను, నేను" అంటే గొప్పలు పోతున్నట్టుంటుందని "మేము" అంటాం. ఒకసారి నేను బల్లకి అటువైపు, అంటే ప్రశ్నలడిగే వైపు కూర్చున్నాను. క్లయింట్ ఫిర్యాదుల గురించి అడిగితే ఒకమ్మాయి "టీమంతా కూర్చుని మాట్లాడుకున్నాం, సమస్య తీరిపోయింది" అంది. "ఆ మీటింగ్ పెట్టమన్నది ఎవరు?" అన్నాను. కాసేపు ఆగి "నేనే అండీ" అంది. "ఎందుకు పెట్టమన్నారు?" అంటే అప్పుడు బయటికొచ్చింది. ముందు రోజు రాత్రి కూర్చుని మూడు నెలల ఫిర్యాదులు ఒక్కొక్కటీ చదివి, 40లో 31 ఒకే ఫారం వల్ల వస్తున్నాయని తేల్చింది తనే. అసలు సమాధానం అదే. నేను తవ్వాను కాబట్టి దొరికింది, అందరూ తవ్వరు. టీమ్ చేసింది టీమ్‌కే ఇవ్వండి, మీరు చేసింది మాత్రం "నేను" అనే చెప్పండి.

ఇంటర్వ్యూకి వారం ముందు ఒక నోట్‌బుక్ తీసి ఆరేడు సంఘటనలు రాసుకోండి: ఒక గొడవ, ఒక తప్పు, గడువు ముంచుకొచ్చిన పని, మీ మాట వినాల్సిన అవసరం లేనివాళ్లని ఒప్పించిన సందర్భం, కొత్తగా నేర్చుకున్నది, మీరు వద్దన్నా పై వాళ్లు కానిచ్చింది. పూర్తి వాక్యాలు రాయకండి, రాస్తే అప్పజెబుతారు. అంకెలు, ఎవరేమన్నారు, మీరు ఏం ఎంచుకున్నారు, ఎందుకు, ఇవి చాలు. తర్వాత గట్టిగా, నోటితో చెప్పి ఫోన్‌లో రికార్డు చేయండి. మనసులో అద్భుతంగా ఉన్న సమాధానం నోట్లోంచి వచ్చేసరికి ఎంత సాగుతుందో వింటే తెలుస్తుంది. ఉద్యోగ అనుభవం లేనివాళ్లు కాలేజీ ప్రాజెక్టు, పార్ట్‌టైమ్ పని, ఇంట్లో నెత్తిన వేసుకున్న బాధ్యత, ఏదైనా చెప్పొచ్చు.

కల్పించిన కథ, నెట్‌లో దొరికిన కథ మాత్రం వద్దు. మొదటి ప్రశ్నకు నిలుస్తుంది. "అప్పుడు మీ మేనేజర్ ఏమన్నారు?" అన్న రెండోదానికి నీళ్లు నమలాల్సిందే. తప్పు గురించి అడిగితే "నేను మరీ పర్ఫెక్షనిస్టుని" అనకండి, అది కప్పదాటు సమాధానమని ఎదుటివాళ్లకి తెలుసు. నిజంగా నష్టం జరిగినది ఒకటి చెప్పి, ఆ తర్వాత మీ పనితీరులో ఏది మార్చారో చెప్పండి. పాత బాస్ మీద కసి తీర్చుకోవడానికి ఇది చోటు కాదు. పాత సంస్థ క్లయింట్ల పేర్లు, రహస్య లెక్కలు కూడా బయటపెట్టకండి. "ఫిర్యాదులు సగానికి తగ్గాయి" అంటే సరిపోతుంది. రహస్యాలు మోసుకొచ్చేవాళ్లు రేపు తమవీ మోసుకెళ్తారని ఇంటర్వ్యూ చేసేవాళ్లకి అనిపిస్తుంది.

ఎదురుగా మనిషి లేకుండా వీడియో రికార్డు చేసి పంపమంటే, వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి, చూపు తెర మీద కాకుండా కెమెరా మీద ఉంచండి. పక్కన చీటీ పెట్టుకుంటే అందులో మూడు నాలుగు మాటలే ఉండాలి, పేరా ఉంటే మీ కళ్లు దాన్ని చదువుతున్నట్టు కనిపిస్తాయి.

టెస్టుకనో, ఇంటర్వ్యూకనో డబ్బు అడిగితే, ఓటీపీ అడిగితే అక్కడితో ఆపేయండి, అది ఉద్యోగం కాదు.

ఇంటర్వ్యూ అయ్యాక ఎవరికీ ఫోన్ చేయకముందే అడిగిన ప్రశ్నలన్నీ అదే నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎక్కడ తడబడ్డారో దాని పక్కన గుర్తు పెట్టండి. తర్వాతి రౌండ్‌లో కొత్త మనిషి అదే చోటు నుంచి మొదలుపెట్టొచ్చు.