చెన్నై నుంచి కృష్ణపట్నం: అండమాన్‌కు ముందు చేయాల్సిన తెరచాప ప్రయాణం ఎలా?

తెరచాప పడవలో అండమాన్ దాకా వెళ్లాలని ఉబలాటపడే తిరుపతి వాళ్లు ముందు రేవు నుంచి రేవుకు వెళ్లడం నేర్చుకోవాలి. నడిసముద్రం పేరు వింటేనే భయపడతాం గాని, ఇసుక మేటలు, వలలు, ఓడల దారులు కాచుకుని ఉండేది తీరం దగ్గరే.

మనం బయలుదేరాల్సిన రేవు చెన్నై. 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ అక్కడే ఉంది. తెరచాప పట్టడం వచ్చాక, మొదటి దూరప్రయాణానికి కృష్ణపట్నం సరైన గమ్యం.

1. కాలం చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. ఫిబ్రవరి, మార్చి మేలు. అప్పుడు తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది, వెళ్లేటప్పుడు కలిసివస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే ఎదురవుతుంది, కాబట్టి ఎక్కువ సమయం పెట్టుకోండి.

2. చేరే వేళ నుంచి వెనక్కి లెక్కించండి. దూరం సుమారు 70 నాటికల్ మైళ్లు (ఈ సముద్రపు మైలు 1.85 కిలోమీటర్లు). గంటకు 5 మైళ్ల చొప్పున 14 గంటలు. రాత్రి 7కు బయలుదేరితే ఉదయం 9కి చేరతారు. వేగం 4కు తగ్గినా మధ్యాహ్నం ఒంటిగంటలోపే. కొత్త రేవులోకి చీకట్లో వెళ్లకూడదన్నది నేను ఎవరికోసమూ సడలించని నియమం.

3. దారి, అనుమతులు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉంటే అక్కడి సముద్రంలో కొంత ప్రాంతాన్ని మూసేస్తారు. నావికులకు ఇచ్చే ప్రకటనలు ముందే చదవండి. దుగరాజపట్నం ఎదుట ఆర్మగాన్ మేట ఉంది, పటంలో గుర్తు పెట్టుకుని దూరంగా సాగండి. కృష్ణపట్నం సరుకు ఓడల రేవు, అనుమతి లేకుండా వెళ్లవద్దు.

4. రాత్రి కాపలా. చీకటి పడకముందే తెరచాప కొంత కుదించండి. ఛాతీకి రక్షణ పట్టీ వేసుకుని, దాని తాడును పడవకు తగిలించుకోకుండా ఎవరూ పైకి రాకూడదు. వలల ఆనవాళ్లు చాలాసార్లు దీపం లేని థర్మోకోల్ ముక్కలే. ముందు భాగంలో ఒకరు టార్చితో కూర్చోవాలి. గంటకోసారి పడవ ఎక్కడుందో కాగితపు పటం మీద చుక్క పెట్టండి. పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియో, ఆపదలో పిలవడానికి వాడే 16వ ఛానెల్ మీదే ఉండాలి.

5. లంగరు. 5 మీటర్ల లోతుకు గొలుసైతే 25 మీటర్లు, తాడైతే 35 వదలండి. నీటి మట్టం నుంచి పడవ ముందంచు ఎత్తునూ లోతులో కలపాలి. తర్వాత ఒడ్డున ఒకదాని వెనక ఒకటి కనిపించే రెండు గుర్తులు ఎంచుకోండి, దీపస్తంభం, చెట్టు ఏవైనా సరే. వాటి వరుస చెదురుతూ పోతుంటే లంగరు జారుతోందని అర్థం.

ఆ తర్వాత కాకినాడ, విశాఖ. నౌకాదళ మహిళలూ ఇదే వరుసలో వెళ్లారు: 2016లో విశాఖ నుంచి గోవా, ఆపై మారిషస్. 2017 సెప్టెంబరు 10న ‘తారిణి’ అనే నౌకాదళ తెరచాప పడవలో ప్రపంచయాత్రకు బయలుదేరిన ఆరుగురు మహిళల్లో పాతర్లపల్లి స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువాళ్లు.

ప్రతి ప్రయాణానికీ ముందు, చేరే వేళను ఒడ్డున ఒకరికి రాసివ్వండి. అనుకున్న వేళ దాటి మీ కబురు లేకపోతే వారు తీరరక్షక దళానికి, 1554కు, ఫోను చేయాలి.