అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈవీ చార్జింగ్: విడి కరెంటు కనెక్షన్‌కు దరఖాస్తు, ఖర్చుల సర్దుబాటు

మా అపార్ట్‌మెంట్‌లోకి మొదటి ఎలక్ట్రిక్ కారు వచ్చినప్పుడు వాచ్‌మన్ గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగారు. మూడు వారాలు తిరక్కుండానే ప్లగ్గు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ మాడి నల్లబడింది. ఆ ప్లగ్గును తీసుకెళ్లి జనరల్ బాడీ మీటింగ్‌లో టేబుల్ మీద పెట్టాం. చార్జింగ్ ఏర్పాట్ల మీద అంతకుముందు ఏడాదిగా తెగని చర్చ అరగంటలో తెగింది.

2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. అప్పటి నుంచి, వినియోగదారుడు అడిగితే ఈవీ (ఎలక్ట్రిక్ వాహనం) చార్జింగ్‌కు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, విడిగా కనెక్షన్ ఇవ్వాలి. తెలంగాణలో ఎస్పీడీసీఎల్, ఎన్పీడీసీఎల్. ఆంధ్రప్రదేశ్‌లో ఈపీడీసీఎల్, సీపీడీసీఎల్, ఎస్పీడీసీఎల్: మీ కరెంటు బిల్లు మీద ఏ పేరుంటే దరఖాస్తు అక్కడికే.

ఫారం నింపడం పది నిమిషాల పని. దానికి ముందు లోడు లెక్క తేల్చుకోకపోతే మాత్రం మొత్తం తిరగబడుతుంది. మామూలు 15 ఆంప్స్ సాకెట్ దాదాపు 3.3 కిలోవాట్లు లాగుతుంది, గోడకు బిగించే చార్జరైతే 7.4. పది కార్లు ఒకేసారి పెడితే మొదటిదానికి 33, రెండోదానికి 74 కిలోవాట్లు. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇప్పటికే లిఫ్టులు, బోరు మోటార్లు, ఇంటింటి ఏసీలు ఉన్నాయి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు ఆరు యూనిట్లు పడుతుంది, అంటే 15 ఆంప్స్ సాకెట్ మీద రెండు గంటలు. కారు రాత్రంతా సెల్లార్‌లోనే ఉంటుంది కదా! అందుకే నా మాట: అందరికీ పెద్ద చార్జరు వద్దు. ఇంటికో 15 ఆంప్స్ పాయింటు, అవసరమైతే అందరికీ కలిపి ఒక పెద్దది చాలు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చే ఖర్చు ముందు చార్జర్ల ఖర్చు ఏపాటిది?

ఇక డబ్బు. ఢిల్లీలో 2020 నాటి ఈవీ పాలసీ కింద మొదటి 30,000 చార్జింగ్ పాయింట్లకు ఒక్కోదానికి 6,000 రూపాయల దాకా సబ్సిడీ ఇచ్చారు, అపార్ట్‌మెంట్ వాళ్లూ అందుకున్నారు. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్‌కు పెట్టిన 2,000 కోట్లు పబ్లిక్ స్టేషన్ల కోసం, మన సెల్లార్ కోసం కాదు. కాబట్టి ఖర్చును రెండుగా చీల్చండి. ప్యానెల్ బోర్డు, మెయిన్ కేబుల్, ఎర్తింగ్, డిస్కంకు కట్టే చార్జీలు కార్పస్ ఫండ్ (అసోసియేషన్ ఉమ్మడి నిధి) నుంచి. ప్యానెల్ నుంచి ఎవరి పార్కింగ్ దాకా వాళ్ల కేబుల్, వాళ్ల వాడకాన్ని విడిగా కొలిచే సబ్ మీటర్, సాకెట్ ఆ ఫ్లాట్ ఓనరు జేబులోంచి. 'నాకు కారే లేదు, నేనెందుకివ్వాలి' అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. మేం కార్పస్ ఖర్చును అప్పుగా రాసుకున్నాం. కొత్తగా ఎవరు చేరినా వాటా కట్టి చేరాలి, అది తిరిగి కార్పస్‌లో పడుతుంది. గొడవ అక్కడితో సద్దుమణిగింది.

చార్జర్లు తామే పెట్టి యూనిట్‌కింత అని వసూలు చేసుకుంటామని కంపెనీలు వస్తాయి. పైసా పెట్టనక్కర్లేదు నిజమే కానీ ఒప్పందం ఎన్నేళ్లో, రేటు పెంచే హక్కు ఎవరిదో చదివి సంతకం పెట్టండి. అసోసియేషనే సబ్ మీటర్ చూసి వసూలు చేసినా కరెంటు అమ్మినట్టు కాదు; చార్జింగ్‌కు లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే చెప్పింది.

లెక్కలు కుదిరాక తీర్మానం రాయండి. అందులో ఎన్ని కిలోవాట్లు, కనెక్షన్ ఎవరి పేరున, సంతకం చేసేదెవరు అన్నవి ఉండాలి. దానికి అసోసియేషన్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, సంతకందారు గుర్తింపు కార్డు, భవనం యాజమాన్యపు రుజువు జతచేసి డిస్కం వెబ్‌సైట్‌లో కొత్త కనెక్షన్ కింద గానీ, కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో గానీ ఇవ్వాలి. కేటగిరీ అడిగిన చోట ఈవీ చార్జింగ్ అనే పెట్టండి. పొరపాటున కమర్షియల్ పడితే బిల్లు వచ్చాక మార్పించుకోవడానికి తిరగాలి.

తర్వాత డిస్కం సెక్షన్ ఆఫీసు నుంచి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గానీ లైన్‌మన్ గానీ చూడ్డానికొస్తారు. ఆ రోజు మీ ఎలక్ట్రీషియన్ పక్కనుండాలి. మీటరు పెట్టే చోటు వాన నీళ్లు చేరని ఎత్తులో ముందే చూపించండి. మన సెల్లార్ల సంగతి తెలిసిందేగా. ఎస్టిమేట్ ఇచ్చాక డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టి రసీదు దాచుకోండి. వైరింగ్ లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించండి. ప్రతి పాయింటుకూ లోడు మించితే కరెంటు ఆపేసే విడి ఎంసీబీ, షాక్ కొట్టకుండా కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండాల్సిందే, ఇక్కడ బేరం వద్దు.

దరఖాస్తు అన్ని కాగితాలతో అందిన రోజు నుంచి మెట్రో నగరాల్లో 3 రోజులు, ఇతర మున్సిపాలిటీల్లో 7, పల్లెల్లో 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలని అవే సవరించిన నిబంధనలు చెబుతాయి. కొత్త లైనో ట్రాన్స్‌ఫార్మరో వేయాల్సి వస్తే గడువు పెరుగుతుంది. గడువు దాటితే దరఖాస్తు రిజిస్ట్రేషన్ నంబరుతో కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, అక్కడా కదలకపోతే డిస్కం పరిధిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ రిజిస్ట్రేషన్ నంబరును సెక్రటరీ ఫోన్‌లో మాత్రమే ఉంచకండి. మా సెక్రటరీ ఊరెళ్తే వారం రోజులు అందరం దానికోసమే ఎదురుచూశాం.