హోటల్ గది బాగోలేకపోతే పెట్టె విప్పకముందు చేయాల్సినవి, ఇంటికొచ్చాక చేయాల్సినవి

గది బాగోలేదని అడగాల్సింది ఖాళీ చేసి వెళ్లేటప్పుడు కాదు, గది చూపించిన మొదటి పావుగంటలో. అప్పటికి మీరింకా పెట్టె విప్పలేదు, మంచం మీద నడుం వాల్చలేదు. బేరం పోతుందన్న భయం హోటల్ వాళ్లకి ఉండేది ఆ కాసేపే. మర్నాడు పొద్దున బిల్లు కట్టేటప్పుడు ఎంత అరిచినా "రాత్రంతా ఉన్నారు కదా మేడమ్" అని ఒక్క మాటతో తేల్చేస్తారు.

నేను పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. సరుకు గుమ్మం దాటకముందే తూకం వేసి, గుప్పెడు చేతిలో పోసుకుని చూసి, చీటీ రాయించుకుంటాం. గోడౌన్‌లోకి వెళ్లిపోయాక పురుగుందంటే ఎవరూ వినరు. హోటల్ గదికీ అదే పద్ధతి పెట్టుకున్నాను. మా వైపు నుంచి పూరీ, భువనేశ్వర్, అరకు, విశాఖ వెళ్లేవాళ్లు ఎక్కువ. వెళ్లినవాళ్లలో చాలామంది గది గురించి బాధపడుతూనే వస్తారు. ఖర్చు పెట్టి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి, పెద్దవాళ్లకి నిద్ర లేకుండా చేసుకోవడం చూస్తే నాకు కడుపు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

డబ్బు కట్టేముందు హోటల్‌కి ఒక్క ఫోన్ చేయండి. యాప్‌లో ఉన్న ఫొటోలు ఏ సంవత్సరంవో ఎవరికీ తెలీదు. "రూమ్ బాగుంటుందా?" అని అడిగితే ఎవరైనా బాగుంటుందనే చెప్తారు. విడివిడిగా అడగాలి. లిఫ్ట్ ఉందా? కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ కూడా ఆడుతుందా, ఫ్యాను, లైటు వరకేనా? వేడినీళ్లు గీజర్ నుంచా, బకెట్‌తో తెచ్చిస్తారా? వెస్ట్రన్ టాయిలెట్ ఉందా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తుంటే ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. చెకౌట్ టైము కూడా కనుక్కోండి. కొన్ని లాడ్జిల్లో దిగిన గంట నుంచి 24 గంటలు లెక్క, కొన్నిట్లో మనం ఎప్పుడు దిగినా పొద్దున్నో మధ్యాహ్నమో ఒక టైముకి ఖాళీ చేయాల్సిందే. తెల్లవారుజామున రైలు దిగేవాళ్లు ఇది అడక్కపోతే దిగిన నాలుగు గంటల్లోనే రెండో రోజు అద్దె మీద పడుతుంది.

వాళ్లు చెప్పిందంతా అదే నంబరుకి వాట్సాప్‌లో పెట్టేయండి. "ఇప్పుడు ఫోన్లో చెప్పినట్టు ఏసీ గది, గీజర్, వెస్ట్రన్ టాయిలెట్, పన్నులతో కలిపి ఇంత. సరేనా?" అంతే. అవతలి నుంచి "ఓకే" అని వస్తే చాలు, రేపు మీ చేతిలో ఉండే ఆధారం అదే.

పన్ను సంగతి తెలిసి ఉంటే బిల్లు చదవడం తేలిక. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి రూ.7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. ఆపైన గదులకి 18 శాతం. భోజనం బిల్లులో సర్వీస్ ఛార్జ్ అని వాళ్లంతట వాళ్లే కలిపితే తీసేయమనండి. ఇష్టమైతే ఇచ్చేదే తప్ప బిల్లులో వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది.

ఇక దిగాక. రిజిస్టర్లో సంతకం పెట్టకముందే గది చూపించమనండి. ఒకరు సామాను దగ్గర ఉండి, ఇంకొకరు పైకెళ్తే సరిపోతుంది. గదిలోకి వెళ్లగానే ఏసీ వేయించండి, అది చల్లబడుతుందో లేదో తేలడానికి పది నిమిషాలైనా పడుతుంది. ఈలోపు బాత్రూమ్. గీజర్ స్విచ్ వేసి, కుళాయి తిప్పి వదిలేయండి, ఫ్లష్ నొక్కండి, నీళ్లు తూములోకి పోతున్నాయో కాళ్ల దగ్గరే నిలబడుతున్నాయో చూడండి. తర్వాత దిండు గలేబు తీసి లోపలి దిండు చూడాలి. దుప్పటి మూల లేపి పరుపు కుట్టు వెంబడి చూడండి. నల్లులుంటే అక్కడ సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. ఆఖర్న తలుపు లోపలి గడియ, కిటికీ గడియ.

వేసవి సెలవుల్లో మా అత్తగారిని జగన్నాథుడి దర్శనానికి పూరీ తీసుకెళ్లినప్పుడు ఇవన్నీ అక్కరకొచ్చాయి. బుకింగ్‌లో ఉన్నది సముద్రం కనిపించే ఏసీ గది. చూపించింది వెనకవైపు గది. తలాపి గోడకి నడుమెత్తు దాకా చెమ్మెక్కి, సున్నం పొరలుగా లేచి, దిండు మీద తెల్లటి పొడి రాలి ఉంది. ఏసీ చప్పుడు చేస్తోంది గానీ గాలి చల్లగా లేదు. మా అత్తగారు దుప్పటి మీద చెయ్యేసి, "ఏటమ్మా ఇది, ఆరకుండానే పరిసేసినారు" అన్నారు. నిజమే, అంచులు పిండితే నీళ్లొచ్చేలా ఉన్నాయి.

కౌంటర్లో కుర్రాడు మేనేజర్ రేపొస్తారు, ఈ రాత్రికి సర్దుకోమన్నాడు. మా ఆయన గొంతు లేచింది. సరిగ్గా ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఆ కుర్రాడు నెలజీతం మీద బతికేవాడు. గది మార్చే అధికారం అతనికి లేదు, తిట్లు మాత్రం రోజూ అతనికే. అతన్ని తిట్టడం న్యాయం కాదు, దానివల్ల పని కూడా జరగదు. "బాబూ, మేనేజర్‌కి నువ్వే ఫోన్ కలిపి ఇవ్వు, మాట్లాడతాను" అని అడగండి. కలిపేదాకా అక్కడి నుంచి కదలకండి. పెద్దవాళ్లని కౌంటర్ ఎదురుగానే కుర్చీలో కూర్చోబెట్టండి.

ఫోన్లో ఏం మాట్లాడినా రాతలో కూడా పెట్టాలి. నేను పంపింది ఇంచుమించు ఇది.

"ఈ రోజుకి సముద్రం వైపు ఏసీ గదికి డబ్బు కట్టాం. సాయంత్రం 5.40కి మీరు చూపించింది వెనకవైపు గది. గోడ చెమ్మగా ఉంది, ఏసీ చల్లబడటం లేదు, దుప్పటి తడిగా ఉంది. ఫొటోలు, వీడియో పెడుతున్నాను. బుక్ చేసిన రకం గది గంటలోపు ఇవ్వండి. లేదంటే మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వండి, వేరే చోటికి వెళ్తాం."

ఇందులో మోసం, దొంగలు లాంటి మాటలు లేవు. ఏం చెప్పారు, ఏం ఇచ్చారు, నాకేం కావాలి, ఎప్పటిలోగా కావాలి, అంతవరకే. ఇదే మెసేజ్ బుకింగ్ యాప్ కస్టమర్ కేర్‌కి కూడా అప్పుడే పంపి, ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. ఇంటికెళ్లాక రాద్దామంటే వాళ్లు హోటల్‌తో మాట్లాడి సరిచేసే అవకాశం పోతుంది. "ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?" అనే ప్రశ్న కూడా వస్తుంది.

గంట దాటాక వేరే గది ఇచ్చారు. శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేసింది, మా అత్తగారు హాయిగా పడుకున్నారు. కానీ సముద్రం కనిపించదు, కట్టిన డబ్బేమో సముద్రం గదిది. తేడా ఇమ్మంటే హోటల్ వాళ్లు యాప్‌ని అడగమన్నారు, యాప్ వాళ్లు హోటల్‌ని అడగమన్నారు. అక్కడ ఇంకా వాదించి సెలవులు పాడుచేసుకోలేదు. "వేరే రకం గదిలో ఉంటున్నాం, తేడా డబ్బు మాకు రావాలి, దానికి ఒప్పుకుని ఉండటం లేదు" అని మెసేజ్ పెట్టి ఊరుకున్నాం. ఆ వాక్యం తప్పకుండా రాయండి.

పండగ రోజుల్లో మాత్రం వేరేగా ఆలోచించాలి. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి గానీ, రథసప్తమికి అరసవల్లికి గానీ వచ్చేవాళ్లు గది నచ్చలేదని బయటికొస్తే ఆ రాత్రి ఇంకోటి దొరకడం గగనం. అలాంటప్పుడు గది మార్చమని పట్టుబట్టడం కన్నా ఉతికిన దుప్పట్లు, ఫ్యాను, నీళ్లు అప్పటికప్పుడు ఇప్పించుకుని, అద్దె తగ్గించమని రాతలో అడగడం మేలు. మా చుట్టాలకి నేను చెప్పేదైతే ఒక్కటే, శ్రీకాకుళంలో గది కోసం తిరగొద్దు, పలాస వచ్చేసి మా ఇంట్లో పడుకోండి.

ఇంటికొచ్చాక 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. పేరు, బుకింగ్ వివరాలు, ఎంత డబ్బు రావాలి అన్నది చెప్తే ఫిర్యాదు నమోదు చేసి నంబరు ఇస్తారు, కంపెనీకి పంపుతారు. హెల్ప్‌లైన్‌కి తీర్పు చెప్పే అధికారం లేదు, మధ్యలో ఉండి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది. మా విషయంలో యాప్, హోటల్ ఒకరి మీద ఒకరు తోసుకోవడం ఆగింది ఆ ఫిర్యాదు వెళ్లాకే. తేడా డబ్బు ఖాతాలో పడింది.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. పూరీలో జరిగినదానికి ఒడిశా వెళ్లి కేసు వేయాలేమోనని టెన్షన్ పడి చాలామంది వదిలేస్తారు. అక్కర్లేదు. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోట, లేదా ఉద్యోగం చేసే చోట వేసుకోవచ్చు. పలాసలో ఉండే నాకు అది శ్రీకాకుళం. మీరు కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, హోటల్ గది గొడవలన్నీ దాదాపు ఇందులోకే వస్తాయి. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

దానికి కావాల్సిన కాగితాలు పెద్దగా లేవు. బుకింగ్ కన్ఫర్మేషన్, యాప్‌లో ఆ గది గురించి రాసి ఉన్న పేజీ స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రుజువు, హోటల్ ఇచ్చిన బిల్లు, ఫొటోలు, మెసేజ్‌లు. తెల్లచీటీ మీద అంకె వేసి ఇస్తే తీసుకోకండి, జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. స్క్రీన్‌షాట్ మాత్రం బుక్ చేసిన రోజే తీసి పెట్టుకోవాలి, తర్వాత ఆ పేజీలో రాతలు మారిపోవచ్చు. హోటల్‌తో జరిగిన వాట్సాప్ చాట్‌ని ఇంటికి రాగానే ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. ఫోన్ పాడైనా, మార్చినా అది ఉంటుంది.