దసరాకి లాంగ్‌వాల్ ఫేస్ ఆపుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్‌లో ఇల్లు, గోదావరిఖని వైపు బొగ్గు గనుల్లో డ్యూటీ ఉన్న కుర్ర ఇంజినీర్ల ధ్యాసంతా ఇప్పుడు జేబీఎస్ బస్టాండులో దిగడం మీదే ఉంటుంది. వెళ్లండి, కాదనను. కానీ లాంగ్‌వాల్ ఫేస్ అంటే గనిలో పొడవాటి బొగ్గు గోడని మెషీన్‌తో కోసే చోటు; నడిచే ఫేస్ కన్నా ఆగిన ఫేస్‌తోనే నాకు భయం ఎక్కువ. మనం మెషీన్ ఆపినంత మాత్రాన పైకప్పు దిగడం ఆగదు.

ఎక్కడ ఆపాలో ముందే అనుకోండి. రూఫ్ చెదిరిన చోట, పైకప్పు బరువు మీద పడే వెయిటింగ్ టైమ్‌లో ఆపకండి. ఆఖరి కోత అయ్యాక పైకప్పుని మోసే హైడ్రాలిక్ సపోర్టులన్నీ ముందుకు జరిపి, బొగ్గు గోడకీ సపోర్టు పైపలక (కానపీ) కొసకీ మధ్య ఖాళీ వీలైనంత తగ్గించాలి. రూఫ్ రాలేది ఆ ఖాళీలోంచే. సపోర్టుకున్న ప్రతి లెగ్ (కాలు) ప్రెషర్ గేజీ చూడండి. పక్క సపోర్టుల్లో ప్రెషర్ నిలబడి ఒక్కదాంట్లో దిగిపోతోందంటే వాల్వో సీలో కారుతున్నట్టే. బాలానగర్‌కి పంపిన వాల్వు పండగయ్యాక వస్తుందిలే అనుకోవద్దు, ఆయుధపూజకి వర్క్‌షాపులూ మూసేస్తారు. ఆ లెగ్ అలాగే వదిలేస్తే బరువంతా పక్కవాటి మీద పడుతుంది. లెగ్ పూర్తిగా ముడుచుకుపోయి బిగుసుకుంటే దించడానికి చోటుండదు, కింద బొగ్గు కోసే షియరర్ పట్టదు. అప్పుడు రూఫో ఫ్లోరో కొట్టి విడిపించుకోవాలి, అది పండగ మామూళ్లతో అయ్యే పని కాదు. సెలవుల్లోనూ సపోర్టులకి ప్రెషర్ ఇచ్చే ఎమల్షన్ పంపు దగ్గర మనిషి ఉండాలి, ప్రతి షిఫ్టులో గేజీలు రాయాలి. కన్వేయర్ ఖాళీ చేశాకే ఆపండి. లోడుతో స్టార్ట్ చేస్తే చైన్ తెగొచ్చు.

రెండోది గోఫ్‌లో, అంటే బొగ్గు తీసేశాక పైకప్పు కూలిన వెనక భాగంలో, వేడి. ఫేస్ కదులుతున్నంత కాలం వెనక మిగిలిన బొగ్గు లోలోపలికి పోయి, గాలి అందక చల్లబడుతుంది. ఆగితే అదే చోటికి రోజుల తరబడి గాలి చేరుతుంది. గాలి లోపలికి వచ్చే మెయిన్‌గేట్ మూల దగ్గర పరదా సరిగా కట్టండి, నైట్రోజన్ ఏర్పాటుంటే నడవనివ్వండి. కార్బన్ మోనాక్సైడ్ పెరిగిందని గాలి పెంచేవాళ్లున్నారు. గాలి పెరిగితే రీడింగ్ పలచబడి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నిప్పుకి మాత్రం ఆక్సిజన్ అందుతుంది! అందుకే పీపీఎం ఒక్కటే కాదు, గాలి బయటికి పోయే దారిలో (రిటర్న్) ఒకే చోట శాంపిల్ తీసి గ్రాహమ్ నిష్పత్తి కట్టండి, అంటే పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌కీ తగ్గిన ఆక్సిజన్‌కీ ఉన్న నిష్పత్తి. మంచి గాలి కలిసినా అది మోసం చేయదు. విలువ ఎంతన్నది సరే, రోజురోజుకీ పెరుగుతోందా అన్నదే అసలు సంగతి.

వాన, తుఫాను వార్త ఉంటే ఇంకో మాట. బయట బారోమీటర్ పడిపోతే గోఫ్‌లోని గ్యాస్ ఫేస్ మీదికి వస్తుంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే, నిప్పు తగిలితే పేలుతుంది. కాబట్టి సెలవు కదా అని మెయిన్ ఫ్యాన్ జోలికి వెళ్లకండి.

పండగయ్యాక మొదట దిగేది ప్రొడక్షన్ వాళ్లు కాకూడదు. గనిలో భద్రత చూసే ఓవర్‌మన్, సర్దార్ మీథేనోమీటరుతో ఫేస్ అవతలి కొస, టెయిల్‌గేట్ మూల వరకూ చూసి, సరే అన్నాకే కరెంటు ఇవ్వండి. నడుముకి సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు నుంచి కాపాడే శ్వాస పరికరం) లేనివాణ్ణి పైనుంచే తిప్పి పంపండి. ఫేస్‌లో సపోర్టుల లోపలి నడక దారినే నడవాలి. ఆగి ఉన్న బొగ్గు గోడ చెప్పకుండా ఊడుతుంది. కన్వేయర్ లాక్ చేయకుండా ఎవరూ దాటకూడదు. మొదటి షిఫ్టులో టన్నుల గురించి హైదరాబాద్ నుంచి ఎంత పెద్ద ఆఫీసరు ఫోన్ చేసినా, లెగ్ ప్రెషర్లు మళ్లీ ఒకసారి చదివాకే షియరర్ కదిలించండి.